డప్పు సల్లబడేది, డీజే సల్లబడదు

ఊరేగింపు రెండు వాడలు దాటేసరికి డప్పు గొంతు మారుతుంది. మొదట్లో ఖంగుమన్న తోలు రాత్రి మంచుకు మెత్తబడి బొదబొదమంటుంది. అప్పుడు డప్పులవాళ్లు పక్కకు జరిగి, దగ్గర్లో ఎవరి దొడ్లోనైనా ఇంత ఎండుగడ్డి అడిగి తెచ్చి, బాట పక్కన మంట పెడతారు. డప్పును మంటకు ఎదురుగా పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ కాపుతారు. మధ్యమధ్యలో వేలితో మీటి చూస్తారు. తోలు బిగిసి ఖణేల్‌మనే దాకా దరువు ఉండదు. పెళ్లిపిల్లగాడు ఆగుతాడు, ఎగిరేవాళ్లు చెమట తుడుచుకుంటారు, ముసలివాళ్లు అరుగుల మీద కూలబడతారు. ఆ కాసేపు చెవులకు కూడా సెలవే. అయితే ఆ సెలవు గురించి ఎవరూ ఆలోచించి ఉండరు.

మోత్కూరు ప్రాంతంలో చప్పుడు చరిత్ర రాయాలంటే ఈ మంట దగ్గరే మొదలుపెట్టాలి. 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండి, జిల్లాల విభజనతో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఈ ఊరు ఇప్పుడు మున్సిపాలిటీ. చుట్టూ పల్లెలు, మెట్ట చేన్లు, చెరువులు. పెళ్లి, చావు, బోనాలు, పీర్ల పండుగ, చాటింపు ఏదైనా మొదట వినపడేది డప్పే. ఎడమ భుజానికి తగిలించి ఛాతీకి ఆనించుకున్న చట్రం, కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల. ఈ రెండు కట్టెలతో ఊరంతటికీ కబురు చేరేది. చావు దరువు వేరు, పెళ్లి దరువు వేరు, దేవత ముందు కొట్టేది వేరు. ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా దరువును బట్టి సంగతి పోల్చుకునేవాళ్లు. అంటే డప్పుకు ఊరు దాటి వినపడే సత్తువ కావాలి, ఉంది కూడా.

అయితే ఆ సత్తువకు హద్దు మనిషి రెక్కే. కొట్టేవాడు అలసిపోతాడు, కల్లుకో చుట్టకో ఆగుతాడు, ఇంకొకడు అందుకుంటాడు. తోలు సల్లబడుతుంది. మేళం ఒకచోట నిలవదు, నడుస్తూ పోతుంది. వాకిట్లో నిలబడి చూసేవాళ్లకు చప్పుడు వచ్చి, పెరిగి, తగ్గి, మలుపు తిరిగిపోతుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. ఆ సూత్రం తెలియకపోయినా పసిపిల్లను చంకనెత్తుకున్న తల్లి నాలుగడుగులు వెనక్కే నిలబడేది. చెవిని కాపాడే ఏర్పాటంతా ఆచారంలోనే కలిసిపోయి ఉండేది కనుక దానికి వేరే పేరు అవసరం రాలేదు.

ఈ కాపుదల అందరికీ సమానంగా దక్కలేదన్నది వేరే సంగతి. చూసేవాడు వెనక్కి జరగగలడు, డప్పు మోసేవాడు ఎక్కడికి జరుగుతాడు? ఏళ్ల తరబడి ఎడమ చెవికి జానెడు దూరంలో ఆ దెబ్బ పడుతూనే ఉంటుంది. తలకు చుట్టిన రుమాలు చెవుల మీదికి దిగినా చప్పుడును ఆపేది అంతంత మాత్రమే. పైగా ఈ పని కులం పేరుతో మాదిగ కుటుంబాల నెత్తిన పడ్డది. ఊరి వేడుకకు మూల్యం ఎవరి చెవి చెల్లించిందో లెక్క కట్టినవాళ్లు లేరు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1713లో, వెనిస్‌లో రాగి పాత్రలు కొట్టే పనివాళ్లు వయసు మీదపడేసరికి పూర్తిగా చెవిటివాళ్లవుతున్నారని పుస్తకంలో రాసిపెట్టాడు. మన కంచరివాళ్ల గురించి, డప్పులవాళ్ల గురించి అలాంటి రామజ్జినీ ఎవరూ రాయలేదు.

డప్పుతో పాటు ఈ మెట్ట ప్రాంతానికి ఇంకా గట్టి గొంతులు ఉన్నాయి. కురుమల ఒగ్గు డోళ్లు ఒకేసారి డజను మోగితే కడుపులో అదురు పుడుతుంది. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకొకసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరలో యాదవులు భేరీలు మోగిస్తూ, గజ్జెల లాగులు తొడిగి, ఓ లింగా అంటూ గుట్టెక్కుతారు. పీర్ల పండుగ రాత్రి గుండం చుట్టూ ఆట నడుస్తుంటే అదే మంట డప్పుల్ని కాపడానికీ పనికొస్తుంది. బతుకమ్మ మాత్రం వీటన్నిటికీ భిన్నం. అక్కడ వాయిద్యమే లేదు, చప్పట్లూ గొంతులే. ఒకామె పాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు అందుకుంటారు. పాట ఎంత గట్టిగా ఉండాలో ఆ వలయం పరిమాణమే తేల్చేది.

మైకు లేకుండా వందలమందికి వినిపించడం ఒక విద్య. ఆ విద్యలో ఆరితేరిన మనిషి మోత్కూరు పక్కనే పుట్టాడు. తెలంగాణ సాయుధ పోరాట కవి సుద్దాల హనుమంతు జన్మస్థలం మోత్కూరు మండలంలోని పాలడుగు. తర్వాత స్థిరపడ్డ సుద్దాల ఊరే ఇంటిపేరులా నిలిచింది. ఆయన కొడుకే సినీగేయ రచయిత సుద్దాల అశోక్‌తేజ. ముందస్తు అనుమతి లేనిదే సభ పెట్టరాదని నిజాం ప్రభుత్వం 53వ నంబరు గష్తీ ఉత్తర్వుతో కట్టడి చేసిన కాలం అది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగాక ఊళ్లలో సంఘాలు లేచాయి. హనుమంతు గొల్లసుద్దుల్నీ బుర్రకథనూ పట్టుకుని ఊరూరా తిరిగాడు. ఈ కళారూపాల్లో వంతపాడేవాళ్లు ఊరికే ఉండరు. కథకుడు అన్న మాటను మళ్లీ ఎత్తుకుని వెనక వరసకు చేరవేస్తారు, కథకుడికి ఊపిరి తీసుకునే సందు ఇస్తారు. జనాన్ని ఉర్రూతలూగించడానికి చెవులకు చిల్లులు పొడవాల్సిన పని లేదనడానికి ఆ రాత్రులే సాక్ష్యం. ఒక్క ఆంప్లిఫయరు అక్కర్లేకుండా ఒక రాజ్యాన్ని కదిలించిన పాటలవి.

అప్పటికే ప్రపంచంలో రెక్కకూ చప్పుడుకూ లంకె తెగిపోయింది. కాలిఫోర్నియాలోని నాపాలో పీటర్ జెన్సన్, ఎడ్విన్ ప్రిడమ్ అనే ఇద్దరు లౌడ్‌స్పీకరు తయారుచేసి, 1915 క్రిస్మస్ ముందురోజు శాన్‌ఫ్రాన్సిస్కో సిటీహాలు ముందు వేలమందికి వినిపించారు. మన దేశంలో మోత్వానే కుటుంబం ‘షికాగో రేడియో’ పేరుతో 1930లలో కాంగ్రెస్ సభలకు మైకులు సమకూర్చింది. 1940లో ఢిల్లీలో మొదలైన అహుజా కంపెనీ పేరు తర్వాత పల్లెల్లో మైకుసెట్టుకు మారుపేరయింది.

మైకుసెట్టు వచ్చిన రోజుల్ని తలుచుకుని మురిసిపోయే పెద్దలు ప్రతి ఊర్లో ఉంటారు. పెళ్లింటి ముందు వేపచెట్టుకో వెదురు గడకో గొట్టం కట్టి, పొద్దున్నే దేవుడి పాటతో మొదలుపెడితే రాత్రి దాకా సినిమా రికార్డులే. గ్రామఫోను ముల్లు మార్చే కుర్రాడికి ఊర్లో మంచి గిరాకీ. ఆ గొట్టం గరగరమనేది, బేస్ అసలే ఉండేది కాదు. కానీ మనిషి ఎత్తుకు రెండింతల మీద ఉండేది, నోరు పొలాల వైపు తిరిగి ఉండేది. కింద పీటల మీద కూర్చున్న వధూవరుల కంటే పక్కూరివాళ్లకే పాట బాగా వినపడేదని చెప్పుకోవడంలో పెద్ద అతిశయోక్తి లేదు. రికార్డు మారేటప్పుడు మళ్లీ నిశ్శబ్దం. బ్యాటరీ అయిపోతే ఇక మర్నాడే.

బ్యాండుమేళం ఇంకో దారిన వచ్చింది. సైన్యం బాకాలు, పెద్ద డ్రమ్ము పెళ్లిళ్లలోకి దిగాయి. హైదరాబాదు నుంచి మార్ఫా వచ్చింది. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా ఉన్న సిద్దీల వాయిద్యం అది. వాళ్లున్న పేటే నేటి ఏసీ గార్డ్స్. తీన్‌మార్ అడుగు ఈ మార్ఫా దరువు మీద పెరిగి బరాత్‌లకు, రాజకీయ ఊరేగింపులకు, సినిమాలకు పాకింది. ఇక్కడిదాకా ఎంత హోరెత్తినా ఊదేవాడికి ఊపిరి కావాలి, కొట్టేవాడికి చెయ్యి కావాలి.

డీజేకి ఆ రెండూ అక్కర్లేదు. డీసీఎం వ్యాను మీదో ట్రాక్టరు ట్రాలీ మీదో మనిషి ఎత్తున బాక్సుల గోడ, కింద బేస్ బాక్సులు, పైన టాపులు, వెనక జనరేటరు, కళ్లు చెదిరే లైట్లు. గొట్టం మైకు చెట్టు మీద ఉంటే ఈ బాక్సు నోరు సరిగ్గా నాట్యమాడేవాడి చెవి ఎత్తులో ఉంటుంది. పిల్లలైతే ఇంకా ముందుకు దూరి బాక్సు జాలీకి చెయ్యి ఆనించి అదురును ఆనందిస్తుంటారు. “సౌండ్ పెంచన్నా” అని కింది నుంచి కేక పడితే ఆపరేటరు మీట జరుపుతాడు. అలసట లేదు, తోలు సల్లబడే బాధ లేదు, ఒక పాట తోక మీద ఇంకో పాట ఎక్కుతుంది. పొలం గట్ల మీద పలచబడే చప్పుడు గల్లీలో రెండు వైపులా గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. వినాయక నిమజ్జనం, బోనాలు, బరాత్, చివరికి బతుకమ్మ కూడా ఈ బండి వెనకే నడుస్తున్నాయి. బతుకమ్మ దగ్గర పోయినది చెవి ఒక్కటే కాదు. పాట ఎత్తుకునే ఆమెకు పనిలేకుండా పోయింది.

చెవిలో జరిగేదేమిటో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఒక్కో చెవి లోపలి నత్తగుల్లలో సుమారు 15 వేల కేశకణాలు ఉంటాయి. శబ్దం అలలకు అవి ఊగి నాడులకు కబురు పంపుతాయి. హోరు తక్కువసేపైతే గాలికి వాలిన వరిలా మళ్లీ లేస్తాయి, ఎక్కువైతే మొదలంటా విరిగిపోతాయి. మనిషిలో అవి తిరిగి మొలవవు. బరాత్ నుంచి ఇంటికొచ్చాక చెవిలో గుయ్‌మంటుంది, ఎదుటివాడి మాట గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. వినికిడి మామూలుకు వచ్చాక కూడా కణానికీ నాడికీ మధ్య కొన్ని లంకెలు శాశ్వతంగా తెగి ఉంటున్నాయని 2009లో అమెరికాలో కుజావా, లిబర్మన్ ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. చెవుడు ముందుగా సన్నని ధ్వనుల దగ్గర మొదలవుతుంది. స, శ, త లాంటివి జారిపోతాయి. “వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు” అనే మాట అప్పుడే వస్తుంది.

దీనికో లెక్క ఉంది. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ గీసిన గీత. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది, ఉండదగిన సమయం సగమవుతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు, 94 దగ్గర ఒకటి. 100 దగ్గర పావుగంట. పెద్ద బాక్సుల ముందు 100 దాటడం వింతేమీ కాదు, బరాత్ మాత్రం పావుగంటలో ముగిసేది కాదు.

చట్టం ఉంది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 ఫిబ్రవరి 14న అమల్లోకి వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు నిషేధం. పండుగలకని ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి పన్నెండు దాకా సడలించే అధికారం రాష్ట్రాలకు ఉంది. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, బహిరంగ స్థలం హద్దు దగ్గర లౌడ్‌స్పీకరు శబ్దం ఆ ప్రాంత పరిమితికి 10 డెసిబెల్స్ ఎక్కువ, లేదా 75, ఏది తక్కువైతే దాన్ని మించరాదని చెప్పింది. 2024లో హైదరాబాద్ నగర అప్పటి పోలీసు కమిషనరు సి.వి. ఆనంద్ మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ ఉత్తర్వు నగర కమిషనరేటు వరకే.

ఈ నిబంధనల్లో రెండు చిల్లులున్నాయి. మొదటిది కొలతలోనే ఉంది. చట్టం వాడే డీబీ(ఏ) కొలమానం మంద్రధ్వనిని బాగా తక్కువ చేసి చూపుతుంది, 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెల్స్ తగ్గిస్తుంది. మీటరు మీద అంకె మర్యాదగా ఉన్నా వంటింట్లో గిన్నెలు గలగలలాడటానికి కారణం అదే. రెండోది ఇంకా పెద్దది. చట్టం హద్దు దగ్గర నిలబడి కొలుస్తుంది. నిద్రపోయేవాడినీ పరీక్షకు చదివే పిల్లనూ రోగినీ కాపాడాలని చూస్తుంది. బాక్సు ముందు ఎగిరేవాడి చెవికి ఎంత పడుతోందన్నది దానికి పట్టని విషయం.

ఎగిరేవాడిని కూడా లెక్కలోకి తీసుకున్న దేశాలున్నాయి. ఫ్రాన్స్ 1998లో సంగీత కార్యక్రమాల్లో శ్రోతలకు 105 డెసిబెల్స్ పరిమితి పెట్టింది. 2017లో దాన్ని పావుగంట సగటున 102కు దించి, బేస్ కోసం వేరే కొలమానంతో 118 అనే ఇంకో గీత గీసింది. వచ్చినవాళ్లకు చెవి బిరడాలు ఉచితంగా ఇవ్వాలంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు విడుదల చేసిన ప్రమాణం పావుగంట సగటు 100 డెసిబెల్స్. మీటరుతో కనిపెట్టి ఉండటం, చెవి బిరడాలు అందుబాటులో పెట్టడం, చప్పుడు లేని విశ్రాంతి చోటు చూపడం కూడా అందులో ఉన్నాయి. మోత్కూరు వీధిలో గడ్డిమంట చేసిన పని అక్కడ నిబంధనలోకి ఎక్కింది.

పాశ్చాత్యులు ఈ తెలివికి తేలిగ్గా రాలేదు. 1976 మే 31న లండన్‌లోని చార్ల్‌టన్ ఫుట్‌బాల్ మైదానంలో ‘ది హూ’ బృందం 120 డెసిబెల్స్ పైచిలుకు హోరుతో గిన్నిస్‌కెక్కింది. ఆ పోటీలో జనం చెవులు పోతాయని గ్రహించాక గిన్నిస్ ఆ విభాగాన్నే ఎత్తేసింది. ఆ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన వినికిడి దెబ్బతిందని, చెవుల్లో హోరు పోవడం లేదని బాహాటంగా చెప్పాడు. తప్పు వేదికది కంటే స్టూడియో హెడ్‌ఫోన్లదే ఎక్కువన్నాడు. రాక్ సంగీతకారుల వినికిడి కోసం 1988లో అమెరికాలో పుట్టిన ‘హియర్’ సంస్థకు తొలిరోజుల్లో సాయం చేసినవాళ్లలో ఆయనొకడు.

చెవి బిరడా కథ అంతకంటే పాతది. బెర్లిన్ ఫార్మసిస్టు మాక్స్ నెగ్వర్ 1907లో మైనం, దూది కలిపి ‘ఓరోపాక్స్’ ఉండలు తయారుచేశాడు. నొక్కితే సన్నబడి చెవిలో ఉబ్బే నురుగు బిరడాను అమెరికాలో రాస్ గార్డ్‌నర్ 1967లో కనిపెట్టాడు. పాట రంగు మారకుండా అన్ని స్వరాలనూ సమానంగా 15 డెసిబెల్స్ తగ్గించే సంగీతకారుల బిరడా 1988లో వచ్చింది. డప్పు కళాకారులకు, బ్యాండువాళ్లకు, ఆర్కెస్ట్రా గాయకులకు సరిపడేది ఇదే, ఎందుకంటే పక్కవాడి దరువు వినపడకపోతే మేళం చెడుతుంది.

మన దగ్గర చేతికందేది దూది. అది పెట్టుకున్నామన్న తృప్తి తప్ప పెద్దగా ఆపేదేమీ లేదు. మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే నురుగు బిరడాల జత రెండు మూడు టీల ఖర్చు. పెట్టుకునే పద్ధతి తెలియక చాలామంది పనికిరాదని పారేస్తారు. శుభ్రమైన వేళ్లతో దాన్ని సన్నని వత్తిలా నలపాలి. అవతలి చేతిని తల మీదుగా తెచ్చి చెవి దొప్పను పైకి, వెనక్కి లాగాలి. వత్తిని లోపలికి పోనిచ్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపి ఉంచాలి. సరిగా కూర్చుంటే తన గొంతు తనకే బావిలోంచి వచ్చినట్టు వినపడుతుంది. పసిపిల్లల చెవుల్లో బిరడాలు కుక్కకూడదు, పైనుంచి కప్పే ఇయర్‌మఫ్‌లే వాళ్లకు తగినవి. అవి లేకపోతే బాక్సులకు దూరంగా తీసుకుపోవడమే. చెవిలో హోరు రెండు రోజులకూ తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యుడికి చూపించుకోవాలి. జిల్లాలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

అందరికంటే ఎక్కువ రాత్రులు ఆ గోడ దగ్గర గడిపేది మాత్రం డీజే ఆపరేటరు, అతనితో వచ్చే వైర్లు లాగే కుర్రాళ్లు. పెళ్లిళ్ల ముహూర్తాలున్న నెలల్లో వాళ్లకు తీరిక ఉండదు. కార్మికుల ఆరోగ్య భద్రతా చట్టంలో చప్పుడు వల్ల వచ్చే చెవుడు వృత్తి వ్యాధిగా నమోదై ఉంది. కార్ఖానాలో పనిచేసేవాడికి ఆ వ్యాధి వస్తే ప్రభుత్వానికి తెలియజేయాలి. డీసీఎం మీద బాక్సుల వెనక నిలబడ్డ కుర్రాడు ఆ చట్టం కంటికి కార్మికుడు కాడు, బండి ముందు ఇప్పటికీ నడిచే డప్పు కళాకారుడూ కాడు.